ఇరవై ఆరు అడుగులు, ముప్పై రెండు మెట్లు

నా తమ్ముడు చనిపోయాక ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితంలో మందుల పేర్లు తీసేస్తే మిగిలేవి మూడు వాక్యాలు. రోగి ఆలస్యంగా వచ్చాడు. నడవమంటే నడవలేదు. ఎత్తకూడని బరువు ఎత్తాడు. కింద సంతకం, దాని మీద స్టాంపు.

నేను ముప్పై అయిదేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. హాజరుపట్టీలో ఒక్క గీత తప్పు పడితే ఎర్రసిరాతో దిద్ది పక్కన పొడి సంతకం పెట్టేదాన్ని. ఆ కాగితాన్ని దిద్దమని అడిగితే వాళ్ళు దిద్దలేదు. అందుకని ఇప్పుడు నేను దిద్దుతున్నాను. పేర్లు రాయను. పేరు రాస్తే, ఎవరో ఒక చెడ్డవాడు చేసిన పనిలే అనుకుని చదివినవాళ్ళు హాయిగా పుస్తకం మూసేస్తారు. ఆసుపత్రి ఏ ఊళ్ళోదో కూడా రాయను. ఎవరి ఊళ్ళోది అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అది రెండువేల రెండు. కళ్యాణదుర్గం పక్కన మా ఊళ్ళో ఆ ఏడాది వేరుశనగ విత్తనం సంచుల్లోనే ఉండిపోయింది. అందరూ ఆకాశం వైపు చూస్తున్న రోజుల్లో మా ఊరి పెద్దరైతుకు పేగులో గడ్డ ఉందని, కోసి తీసేయాలని తేలింది. ఆయనకప్పుడు అరవై రెండేళ్ళు. నా తమ్ముడికి యాభై ఒకటి. మేము మాదిగలం. తమ్ముడు పద్నాలుగో ఏట ఆ ఇంట్లో జీతానికి చేరాడు, అంటే అప్పటికి ముప్పై ఏడేళ్ళు. నేను వాడికంటే ఆరేళ్ళు పెద్ద. వాడు కష్టపడి నన్ను చదివించాడని మా ఊళ్ళో ఒక కథ ఉంది. అది తప్పు. నేను ప్రభుత్వ హాస్టల్లో చదివాను. వాడికి నేను చదువు చెప్పబోతే రెండుసార్లు పారిపోయాడు. వాడి భార్య పోయి అప్పటికి రెండేళ్ళు, పిల్లలు లేరు. వాడికి నేను, నాకు వాడు.

శనివారం పెద్దరైతు, ఆయన భార్య, బావమరిది కారులో ఆసుపత్రికి వెళ్ళారు. సామాను తీసుకుని తమ్ముడు బస్సులో వెళ్ళాడు. సామానులో ముఖ్యమైనది పరుపు. ఆసుపత్రి పరుపు మీద ఎవరెవరు పడుకుని ఉంటారో అని ఇంట్లోని బూరుగుదూది పరుపు చుట్టించి తెప్పించుకున్నారు. మగవాళ్ళ ఆపరేషన్ వార్డు పై అంతస్తులో ఉంది. మెట్లు ముప్పై రెండు. ఆ మెట్ల మీదుగా పరుపు పైకి ఎక్కించింది నా తమ్ముడు.

వాడికి అంతకు ముందు రోజు, శుక్రవారం నుంచే కడుపునొప్పి. ఎవరికీ చెప్పలేదు. ఆపరేషన్ పెద్దరైతుకు కదా, మధ్యలో తన కడుపు సంగతి ఎందుకని అనుకున్నాడట. శనివారం, ఆదివారం మెట్ల కింద పడుకున్నాడు. వేడినీళ్ళకు ఫ్లాస్కు తీసుకుని తిరిగాడు. సోమవారం ఉదయం పెద్దరైతుకు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం తమ్ముడు ఆ ఫ్లాస్కుతోనే మెట్ల మీద పచ్చగా కక్కుకుని పడిపోయాడు. చిన్న డాక్టరు వచ్చి పొట్ట నొక్కి, ఎన్ని రోజులనుంచి అని అడిగాడు. శుక్రవారం నుంచని వీడు చెప్పాడు. అదీ మొదటి వాక్యం. రోగి ఆలస్యంగా వచ్చాడు. శనివారం మధ్యాహ్నం నుంచి ఆ రోగి ఆసుపత్రి కప్పు కిందనే ఉన్నాడు. వాడు మెట్లెక్కి దిగుతుంటే డాక్టర్లు, నర్సులు పక్కకు జరిగి దారి ఇచ్చే ఉంటారు, చేతిలో పెద్దరైతు ఫ్లాస్కు ఉంది కాబట్టి.

పేగు మెలిపడింది. సోమవారం సాయంత్రమే కోశారు. నాకు కబురు అంది మంగళవారం పొద్దున మొదటి బస్సుకు వెళ్ళాను. సర్జను కోస్తావైపు మనిషి. నాతో మర్యాదగానే మాట్లాడాడు.

"ఇద్దరికీ ఒకటే పనమ్మా. చెడిన ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాను. ఇద్దరూ పది రోజుల్లో ఇంటికి వెళ్తారు."

ఒకే సర్జను, ఒకే రోజు, ఒకే పని. ఆ మాట వినగానే నేను బ్యాగులోంచి నోటు పుస్తకం తీశాను. ఎదురెదురు పేజీల్లో గళ్ళు గీశాను. ఎడమ పేజీ పెద్దరైతుది, కుడి పేజీ తమ్ముడిది. జ్వరం, కట్టు, నొప్పి సూది, నడక, గాలి పోవడం. పేగు కుట్టినవాళ్ళకు కింది నుంచి గాలి పోతే పేగు కదిలినట్టు. అప్పుడే నోటికి తిండి ఇస్తారు. గాలి పోవాలంటే నడవాలి. ఇదంతా నర్సు చెప్పింది, పెద్దరైతు మంచం దగ్గర నిలబడి చెప్పింది. నేను ఎనిమిదో మంచం దగ్గరనుంచి విన్నాను.

వార్డులో ఎనిమిది మంచాలు. వాకిలి దగ్గర ఫ్యాను కింద మొదటి మంచం పెద్దరైతుది. మరుగుదొడ్డి పక్కన ఎనిమిదోది తమ్ముడిది. ఆపరేషన్ అయినవాళ్ళందరినీ పది రోజులు కళ్ళముందే ఉంచుకోవాలన్నది సర్జను నియమం, అందుకని పెద్దరైతు కూడా అందరి మధ్యే ఉన్నాడు. ఆ నియమాన్ని అప్పట్లో మెచ్చుకున్నాను. ఎనిమిదో మంచం నుంచి వాకిలికి నా అడుగులతో ఇరవై ఆరు. నడవాలంటే వాకిలి దాటి వరండాలోకి పోవాలి. ఇంకో దారి లేదు.

మొదటి మూడు రోజుల్లోనే రెండు పేజీలూ వేరువేరుగా నిండాయి. ఆయన కట్టు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నర్సు మార్చింది. వీడి కట్టు బుధవారం ఎవరూ మార్చలేదు. గురువారం ఆయా దూది పొట్లం మంచం మీదకు విసిరి, "నువ్వు సదువుకున్నదానివి గదమ్మా, నువ్వే మార్చుకో" అంది. నొప్పి సూది ఆయనకు అడగకముందే వేశారు. వీడికి అడిగాను.

"మీవాళ్ళకు ఓర్పు ఎక్కువ టీచరమ్మా. రెక్కల కష్టం చేసిన ఒళ్ళు. ఊరికే సూది పొడిస్తే అలవాటయితాది" అంది నర్సు. పొగిడాననే అనుకుంది.

థర్మామీటరు వార్డుకంతా ఒకటే. ఆయనకు నాలుక కింద పెట్టింది. వీడికి చంకలో పెట్టింది. చంకలో పెడితే నోట్లో పెట్టినదానికంటే తక్కువ చూపిస్తుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. చూపించినంతే రాసుకుంది. కాబట్టి నా తమ్ముడి జ్వరం ఆసుపత్రి లెక్కలో ఎప్పుడూ కాస్త తక్కువే.

గురువారం ఉదయం నర్సు ఎనిమిదో మంచం దాకా వచ్చి, "ఏమప్పా, లెయ్. నడువల్ల" అని చెప్పి పోయింది. తమ్ముడు లేచాడు. పొట్టకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఆసుపత్రి గౌను మోకాళ్ళ దాకా, మెల్లగా ఏడు, ఆరు దాటి అయిదో మంచం దాకా వెళ్ళాడు. నేను వెనక ఉన్నాను. మొదటి మంచం మీద పెద్దరైతు దిండుకు ఆనుకుని పేపరు చదువుతున్నాడు. ఆయన భార్య ఆపిల్ పండు కోసుకుంటోంది. తలెత్తి చూసింది.

"ఏమప్పా, చేతులూపుకుంటా వస్తాండావు. షికారా?"

బావమరిది అందుకున్నాడు. "గౌను సూడక్కా. దొరసాని మాదిరి లేడూ!"

వార్డు మొత్తం నవ్వింది. పెద్దరైతు పేపరు దించి, కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని నవ్వాడు. నా తమ్ముడు కూడా నవ్వాడు. నవ్వి వెనక్కి తిరిగాడు.

మంచం మీద కూర్చున్నాక అడిగాను. "యాల తిరిగొచ్చినావు?"

"కుట్లు గుంజుతాండాయక్కా."

"అబద్ధం. నిజం చెప్పు."

"ఆయన ముందర ఉత్తచేతుల్తో యాడికి పోతాండానని చెప్పేది? అడిగితే ఏం చెప్పేది?"

"నీ పానం కోసం పోతాండావు. అదే చెప్పు."

"నా పానం ఒక పనా అక్కా?"

దీన్ని అర్థం చేసుకోవడానికి మా ఊళ్ళో పుట్టి ఉండాలి. పుట్టనివాళ్ళకు చెబుతాను. పెద్దరైతు ఇంటి ముందు వీధిలో మా మాదిగ గేరివాళ్ళు నడవకూడదని ఎవరూ చెప్పరు. నడవవచ్చు, చేతిలో పని ఉంటే. నెత్తిన గంపో, భుజాన నాగలో, చేతిలో ఎద్దు పగ్గమో ఉంటే ఆ వీధిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఖాళీ చేతులతో పోతే మాత్రం అరుగు మీదనుంచి ఒక గొంతు వస్తుంది. "ఏమప్పా, తీరికగా ఉండావే." అంతే. తిట్టు కాదు, కొట్టడం కాదు. కానీ ఆ మాట పడినవాడు మరుసటి రోజునుంచి ఇళ్ళ వెనక దారిన పోతాడు. నా తమ్ముడు ముప్పై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట పడలేదు. అది వాడికి గొప్ప. ఆ గురువారం మొదటిసారి పడ్డాడు, కడుపు కోయించుకున్న మూడో రోజున.

శుక్రవారం నేను వాడి చేతిలో చెంబు పెట్టాను. "నీళ్ళకు పో. పనే గదా."

"నా నీళ్ళకు నేను పోయేది పనెట్లయితాది?" అని చెంబు మంచం కింద పెట్టాడు. ఆరోజు తిట్టాను. వాడిని నా జన్మలో అంతగా ఎప్పుడూ తిట్టలేదు. బానిసవన్నాను. గొడ్డుకున్న పాటి సిగ్గు కూడా లేదన్నాను. మూడో మంచం మీద గొర్రెలు మేపే ముసలాయన ఒకడు ఉండేవాడు, వరిబీజం కోయించుకున్నాడు. "తల్లీ, తిట్టితే నడిచేవాడైతే ఎప్పుడో నడుచునులే" అన్నాడు. ఆయన్నీ తిట్టాను.

శనివారం నడక లేదు. ఆదివారం లేదు. ఆదివారం వాడి జ్వరం చంకలోనే నూటొకటి చూపించింది. పొట్ట తబలాలాగా బిగిసింది. కట్టు కింద, కోత అడుగున రెండు కుట్ల దగ్గర పచ్చటి చెమ్మ. అన్నీ రాసుకున్నాను. ఎడమ పేజీలో పెద్దరైతు శుక్రవారమే గాలి వదిలాడు, శనివారం ఇడ్లీ తిన్నాడు, రోజుకు ఆరుసార్లు నర్సు భుజం పట్టుకుని వరండా చుట్టాడు.

నేను చేసిన పని ఇక్కడ రాయాలి. బుధవారం నుంచి ఆదివారం దాకా, అయిదు రోజులు, నేను రాసుకున్నానేగానీ నోరెత్తి అడగలేదు. సోమవారం సర్జను పెద్ద రౌండు ఉంటుంది, చిన్న డాక్టర్లందరూ వెంట వస్తారు, అప్పుడు అందరి ముందు రెండు పేజీలూ పరిచి చూపిస్తాను అనుకున్నాను. రుజువు పక్కాగా ఉండాలని, గళ్ళు నిండాలని ఆగాను. బడి తనిఖీకి రికార్డులు సిద్ధం చేసినట్టు నా తమ్ముడి మీద రికార్డు సిద్ధం చేశాను.

సోమవారం సర్జను వచ్చాడు. వెంట నలుగురు. నేను పుస్తకం తెరిచి ఇచ్చాను.

"ఏంటమ్మా ఇది?"

"రెండు మంచాల లెక్క సార్. వారం రోజులది. ఆ పేజీ ఆయనది, ఈ పేజీ మావాడిది. కట్టు గడి చూడండి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. శ్రద్ధగానే చదివాడు. తరువాత చిన్న డాక్టర్ల వైపు తిప్పి చూపించాడు.

"చూడండి, ఎంత నీటుగా రాశారో. బుధవారం నడవలేదు. గురువారం అయిదో మంచం దాకా. శుక్రవారం లేదు. శనివారం లేదు. ఆదివారం లేదు." నా వైపు తిరిగాడు. "మీరే రాశారు కదమ్మా. ఇక మేం రాయడానికి ఏం మిగిలింది?"

"సార్, కట్టు..."

"కట్లు సిస్టర్ చూసుకుంటుంది. నడవనివాడికి ఎన్ని కట్లు మారిస్తే ఏం లాభం? అదే జబ్బు, అదే ఆపరేషన్, మొదటి మంచం ఆయన్ని చూడండి, పెళ్ళికొడుకులా ఉన్నారు. మీవాళ్ళతో ఇదే ఇబ్బంది. చెప్పింది వినరు. చదువుకున్నవారు, మీరైనా చెప్పాలి."

నడకను వార్డులో ఎవరు ఆపారో ఆ పుస్తకంలో లేదు. దానికి నేను గడి గీయలేదు. ఆయన కేసు షీటు తీసి, రోగి సహకరించడం లేదు అని రాశాడు. అదే రెండో వాక్యానికి మొదలు. దానికి రుజువు ఇచ్చింది నేను, నా చక్కటి దస్తూరీతో.

ఆ సాయంత్రమే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. డాక్టరు చెబితే వాడు నడవడు. నేను చెబితే నడవడు. ఒక్కడు చెబితే నడుస్తాడు, ఆ ఒక్కడు ఇరవై ఆరు అడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను జీతం అందుకున్న మొదటి నెలనుంచి, ఆ ఇంటివాళ్ళను నోరు తెరిచి ఏదీ అడగకూడదని నియమం పెట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు తప్పలేదు. సోమవారం సాయంత్రం అయిదింటికి అడగవలసింది, మంగళవారం ఉదయం ఏడింటికి అడిగాను. పద్నాలుగు గంటలు. అది నా పొగరు ఖరీదు. దాన్ని నా పేరు కిందే రాసుకున్నాను.

"మీరు మా తమ్మునికి నడవమని చెప్పల్ల" అన్నాను, నిలబడే.

పెద్దరైతు పేపరు మడిచాడు. "నేనా? డాక్టరు చెప్పలేదా?"

"ఎవురు చెప్పినా వినడు. మీరు చెప్తే వింటాడు."

ఆయన ముఖం వికసించింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. "ఇంత సదువు సదివి, కడాకు నా కాడికే వస్తివి గదా పాపా!" భార్య వైపు చూసి నవ్వాడు. తరువాత గొంతు పెంచాడు. "రేయ్ అబ్బీ! లెయ్‌రా. నడువు. నడిస్తే నిన్ను నేనేమన్నా కొరుక్కోని తింటానా?"

"అట్లే సామీ" అని తమ్ముడు వెంటనే లేచాడు. నాలుగో మంచం దాకా వచ్చాడు. అక్కడ మళ్ళీ కాళ్ళు ఆగాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పొట్ట మీదనుంచి తీసి, వెనక్కి పెట్టి, మళ్ళీ పొట్ట మీద పెట్టుకున్నాడు. పెద్దరైతు భార్యకు విసుగేసింది.

"ఊరికే బొమ్మ మాదిరి నిలబడితే ఏం వస్తాది? ఇదో, ఈ ఫ్లాస్కు తీసుకోనిపొయ్యి ఉడుకునీళ్ళు పట్టుకోనిరా."

ఫ్లాస్కు చేతికి రాగానే నా తమ్ముడు నడిచాడు. ఇరవై ఆరు అడుగులూ, వరండా చివర వంటగది దాకా, అక్కడినుంచి వెనక్కి. కుట్లు లేనివాడిలాగా నడిచాడు. ఆ మంగళవారం పదకొండుసార్లు. బుధవారం పద్నాలుగు. వేడినీళ్ళు అన్నిసార్లు ఎవరికీ అవసరం లేదు. ఆమె నీళ్ళు పారబోసి మళ్ళీ పంపింది. దయతో పంపిందో, సరదాకు పంపిందో నాకు తెలియదు. మంగళవారం సాయంత్రం వాడికి గాలి పోయింది. బుధవారం గంజి తాగాడు, జ్వరం తగ్గింది.

"నడుస్తాండావే! టీచరమ్మ కంటే పెద్ద అయ్యవారు ఉండాడే నీకు" అంది నర్సు. వాడు సిగ్గుపడ్డాడు. నేను గళ్ళు నింపుకున్నాను. నడిచాడు, నడిచాడు, నడిచాడు. కోత అడుగున చెమ్మ తగ్గలేదు. నర్సుకు చూపిస్తే మామూలేనంది. నేనూ ఎక్కువగా పట్టుకోలేదు. మనిషి బతుకుతాడని నమ్మకం కుదిరింది, నడక గడి చూసుకుని మురిసిపోతున్నాను.

గురువారం పెద్దరైతును ఇంటికి పంపే రోజు. నా సెలవు పొడిగించమని రిజిస్టరు పోస్టు చేయడానికి తొమ్మిదీ పావుకు వెళ్ళి, పదకొండూ పదికి తిరిగి వచ్చాను. ఎనిమిదో మంచం ఖాళీగా ఉంది. మొదటిదీ ఖాళీగా ఉంది. మూడో మంచం ముసలాయన లేచి కూర్చుని ఉన్నాడు. జరిగింది ఆయనే చెప్పాడు.

"కారు వచ్చిందన్న్యారు తల్లీ. బావమరిది సంచులు తీసుకోని దిగినాడు. పరుపు మిగిలింది. ఆయమ్మ పరుపు దిక్కు సూసింది. సూసి, సుట్టూ ఒకసారి సూసింది. నీ తమ్ముడు లేసినాడు. పరుపు సుట్టినాడు, తాడు బిగిచ్చినాడు, నెత్తిన పెట్టుకున్న్యాడు."

"ఎత్తుకోమని ఎవరన్నారు?"

"ఎవురూ అనలేదు. నా రెండు చెవులతో వింటి గదా, ఒక్క మాట లేదు."

"మీరు వద్దనలేదా?"

"అంటిని. కుట్లు అబ్బీ, వద్దు అంటిని. ఎక్కిచ్చింది నేనే, దించేది నేనే గదా తాతా అన్న్యాడు."

నర్సు అప్పుడు వాకిలి దగ్గరే ఉంది. పెద్దరైతుకు కాగితాలు ఇస్తోంది. తరువాత అడిగితే నిజమే చెప్పింది. "పరుపు మోసేది వాళ్ళ మనిషే గదా అనుకుంటి. పేషెంటని తట్టలేదు టీచరమ్మా." పది రోజులు వాడి చంకలో థర్మామీటరు పెట్టిన మనిషికి, వాడి నెత్తి మీద పరుపు కనబడగానే వాడు పేషెంటని తట్టలేదు.

ముప్పై రెండు మెట్లూ దిగాడు. ఒక్క మెట్టు మీద కూడా తూలలేదట. కారు పక్కన దించి నడుము నిటారు చేశాడు. అప్పుడు కుట్లు తెగాయి. కోత మొత్తం తెరుచుకుంది. గౌనులోంచి నెత్తురు నీళ్ళు కారి పరుపు తడిసింది. వాడు దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఓపీ టికెట్ల కిటికీ దగ్గరున్న జనం అరిచారు, స్ట్రెచరు వచ్చింది.

పెద్దరైతు భార్య పరుపు చూసింది. "అది వద్దులే. ఈడనే ఉండనీ" అందట. కారు వెళ్ళిపోయింది. పరుపును గోడవారకు ఎవరో కాలితో నెట్టారు.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ కోశారు. బయటకు వచ్చిన సర్జను నా మీద కేకలేశాడు. "బరువు ఎత్తొద్దని చెప్తాం కదమ్మా! చెప్తాం కదా!"

నిజమే, చెబుతారు. ఇంటికి పంపేటప్పుడు చెబుతారు. ఆ గురువారం తొమ్మిదిన్నరకు పెద్దరైతుకు చెప్పారు, మూడు నెలలు బిందెడు నీళ్ళు కూడా ఎత్తవద్దని. నా తమ్ముడిని ఇంటికి పంపడం లేదు కాబట్టి వాడికి చెప్పలేదు. అదీ మూడో వాక్యం కథ. ఆ మాట సర్జనుకు అక్కడే చెప్పాను. "మీరు నాతో లాయరులా మాట్లాడకండి" అని వెళ్ళిపోయాడు.

రెండో ఆపరేషన్ తరువాత తమ్ముడు ఎనిమిది రోజులు ఉన్నాడు. పేగు కుట్టు వదిలి లోపలంతా చీము. ఇప్పుడు కట్టు రోజుకు రెండుసార్లు నర్సే మార్చింది. నొప్పి సూది అడగకుండానే వేసింది. థర్మామీటరు ఎక్కడ పెట్టినా ఇక తేడా పడని దశకు వచ్చాక, నాలుక కింద పెట్టింది. శనివారం వాడికి కాస్త తెలివి వచ్చింది.

"పరుపు చేరిందా అక్కా ఇంటికి?"

"చేరింది."

"తడిసింటాది. ఆయమ్మ ఏమనె?"

"ఏమీ అనలేదు. పండుకో."

ఆ పరుపు కింద టికెట్ల కిటికీ పక్కన గోడవారనే ఉంది. మందులకు దిగినప్పుడల్లా దాన్ని దాటుకుని పోయేదాన్ని. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు. ఈగలు ముసురుతుంటే జనం దూరంగా జరిగి నిలబడేవాళ్ళు. మరుసటి శుక్రవారం, మొదటి ఆపరేషన్ అయిన పద్దెనిమిదో రోజు, ఉదయం ఎనిమిదీ నలభైకి నా తమ్ముడు పోయాడు. కాగితాల కోసం దిగేసరికి ఊడ్చేవాళ్ళు పరుపును కూడా తీసేశారు.

ఆ రోజే ఆఫీసులో కాగితం చదివి, తప్పులున్నాయి దిద్దమన్నాను. గుమాస్తా నవ్వాడు. "సచ్చినోడి కాగితం దిద్దేదేందమ్మా? ఇన్సూరెన్సు ఏమన్నా ఉందా?" లేదన్నాను. "మరింకేం గావల్ల నీకు?" అన్నాడు. ఏం కావాలో చెప్పాను. శనివారం నుంచి ఇక్కడే ఉన్నాడని రాయండి. నడవకుండా ఎవరు ఆపారో రాయండి. ఎత్తిన బరువు ఎవరిదో రాయండి. అతను నా వెనక నిలబడినవాడిని రమ్మని చేయి ఊపాడు.

అయిదేళ్ళ తరువాత, నేను రిటైరై పింఛను పని మీద కళ్యాణదుర్గం వెళ్ళినప్పుడు బస్టాండు దగ్గర పెద్దరైతు కనబడ్డాడు. అరవై ఏడేళ్ళ మనిషి, పొట్ట లేదు, చేతికర్ర లేదు. నన్ను ఆయనే పలకరించాడు.

"ఏం పాపా, బాగుండావా? నేను చూడు, దినామూ తెల్లారితే రెండు మైళ్ళు నడుస్తాండా. డాక్టరు మాట తప్పలేదు." గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు గుర్తొస్తాడు. మంచోడు. నేను నడువంటే నడిచినాడు, సూడు. నా మాట ఒక్కనాడు తీసెయ్యలేదు."

"పరుపు ఎత్తమని ఎవరన్నారు?" అని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఎండలో నిలబడి, కళ్ళు చిట్లించి, గుర్తు చేసుకున్నాడు.

"ఎవురూ అనలేదు పాపా. ఎవురన్నా అంటారా? వాడే ఎత్తుకున్న్యాడు."

మూడో మంచం ముసలాయన చెప్పిందే ఈయనా చెప్పాడు. ఇద్దరు సాక్షుల మాటా కలిసింది. నేను ఇంటికి వచ్చి పెట్టెలోంచి నోటు పుస్తకం తీశాను. కుడి పేజీలో గురువారం నడక గడి అప్పటిదాకా ఖాళీగా ఉంది. ఆ రోజు పోస్టాఫీసు నుంచి వచ్చాక ఏం రాయాలో తెలియక వదిలేశాను. ఎర్రసిరా పెన్నుతో నింపాను. నడిచాడు. ఇరవై ఆరు అడుగులు, ముప్పై రెండు మెట్లు, పెద్దరైతు పరుపుతో. ఎవరూ ఎత్తమనలేదు. పక్కన పొడి సంతకం పెట్టి తేదీ వేశాను.